చేంజ్

మా ఊళ్లో వాలీబాల్ ఆడుతున్నంతసేపూ ఎక్కువగా వినపడే మాట ‘చేంజ్’. సర్వీసు చేసిన జట్టు గెలిస్తేనే పాయింటు. అవతలి జట్టు గెలిస్తే పాయింటేమీ రాదు, బంతి మాత్రం వాళ్ల చేతికి వెళ్తుంది. రిఫరీ ఈల వేసి చెయ్యి అటువైపు చాచేవాడు. చెరువుగట్టు మీద కూర్చున్న మేమంతా ఒక్క గొంతుతో ‘చేంజ్’ అని అరిచేవాళ్లం. పలక మీద సుద్దముక్కతో రాసిన అంకె మాత్రం కదిలేది కాదు. పదకొండు–తొమ్మిది దగ్గర అంకె ఆగిపోయి, పొద్దు గుంకేదాకా పదకొండు–తొమ్మిదిగానే ఉండిపోయిన సాయంత్రాలు నాకు గుర్తున్నాయి.

మా మావయ్య ఊరి జట్టుకి బూస్టర్. తను షాట్ కొట్టడు, కొట్టేవాడికి బంతి లేపి ఇస్తాడు. వేళ్ల చివర్లతో తాకాడా లేదా అన్నట్టు తాకేవాడు, చప్పుడు ఉండేది కాదు. ఆ రోజుల్లో బంతి తోలుది. లోపల రబ్బరు బ్లాడరు, పైన లేసు. సైకిల్ పంపుతో గాలి కొట్టి, మూతి ముడిచి కట్టి, లేసు బిగించాలి. లేసు ఉన్న చోటు ముంజేతికి తగిలిందంటే ఎర్రగా తట్టు తేలేది. వానాకాలం తడి నేల మీద పడిపడి ఆ బంతి నీళ్లు తాగి బరువెక్కేది. మావయ్య దానికి కొబ్బరినూనె పట్టించి, గుడ్డలో చుట్టి, ధాన్యం గాదె పక్కన పెట్టేవాడు. పిల్లలం ముట్టుకోకూడదు.

నేషనల్స్ జరిగే రోజుల్లో ఆయనకి పేపరు ఒక పూట ఆలస్యమైనా తోచేది కాదు. ఆటల పేజీలో అడుగున నాలుగంటే నాలుగు వరసలు. ఎవరు ఎవరి మీద గెలిచారు, సెట్ల అంకెలు, అంతే. మావయ్య వాటిని వేలు పెట్టి చదివేవాడు. “పదిహేను–పదమూడు అంటే ఏవిటనుకున్నావురా? ముప్పావుగంట. ఎన్ని చేంజులు పోయి ఉంటాయో! అవి పేపర్లో రావు.”

ఆ నేషనల్స్ కథలోనే అలా లెక్కకెక్కని భాగం ఒకటుంది. జాతీయ ఛాంపియన్‌షిప్‌కి వరస సంఖ్య 1952 మద్రాసు పోటీల నుంచి మొదలవుతుంది. అంతకు ముందు ఏడాది లూధియానాలో భారత వాలీబాల్ సమాఖ్య తొలిసారి సమావేశమైంది. కానీ అప్పటికే ఆట పాతబడింది. భారత ఒలింపిక్ సంఘం ఆధ్వర్యంలో 1936 నుంచి 1950 దాకా రెండేళ్లకోసారి రాష్ట్రాల మధ్య పోటీలు, మగవాళ్లకి మాత్రమే, జరిగేవి. మొట్టమొదటిది లాహోరులో. ఇప్పటి వరస సంఖ్యల్లో ఆ పోటీలకి చోటు లేదు. ఆట ఆడారు, గెలిచారు, ఓడారు, పలక మీద అంకె కదల్లేదు. నా దృష్టిలో అదంతా ఒక పెద్ద చేంజ్.

లాహోరు మన పటంలోంచి వెళ్లిపోయిన పదిహేనేళ్లకి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో, ఆరుగురి వాలీబాల్‌లో జపాన్‌కి స్వర్ణం, మనకి రజతం, పాకిస్తాన్‌కి కాంస్యం. ఒకప్పుడు ఒకే టోర్నమెంటులో ఆడిన నేల రెండు జెండాలతో పక్కపక్కన నిలబడింది. ‘ఆరుగురి’ అని ఎందుకు అన్నానంటే, అప్పట్లో ఆసియాలో తొమ్మిదిమంది ఆట కూడా ఉండేది. మూడు వరసల్లో ముగ్గురేసి, ఎవరి చోటు వాళ్లదే, తిరగడం లేదు. ఆ జకార్తా క్రీడల్లోనే దానికీ విడిగా పతకాలిచ్చారు. ఆ తర్వాత ఆసియా క్రీడల్లో ఆ ఆట మళ్లీ లేదు.

మద్రాసులో మొదటి నేషనల్స్ జరిగినప్పుడు మా కృష్ణా డెల్టా కూడా మద్రాసు రాష్ట్రమే. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది మరుసటేడు, 1953 అక్టోబరు 1న. హైదరాబాదు వాళ్లది హైదరాబాదు రాష్ట్రం. 1956 నవంబరు వచ్చేసరికి హైదరాబాదు రాష్ట్రం లేదు, తిరువాంకూరు–కొచ్చి లేదు, పెప్సూ లేదు. మనిషి చొక్కా మీద రాష్ట్రం పేరు రాసుకుని ఆడే ఆటలో రాష్ట్రాలే మాయమైపోయాయి. 2014లో రాష్ట్రం రెండై, మళ్లీ ఒకసారి చొక్కాలు వేరయ్యాయి. చిన్నప్పటి నుంచీ ఒకే జట్టుగా చూసినవాణ్ని, నాకు ఆ రెండు పేర్లూ పక్కపక్కన చదవడం అలవాటు కావడానికి కొంత కాలం పట్టింది.

మన ఆటగాళ్ల పేర్లు మావయ్యకి కంఠతా వచ్చు. 1974లో అర్జున అందుకున్న శ్యామ్‌సుందర్‌రావు, ఆటగాడిగా అర్జున, కోచ్‌గా 1990లో ద్రోణాచార్య అందుకున్న ఎ. రమణారావు, హైదరాబాదు అబ్దుల్ బాసిత్. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టులో పి.వి. రమణ ఉన్నాడు. ఈనాటి పిల్లలకి ఆయన బ్యాడ్మింటన్ సింధు నాన్న. అదే జట్టులోని జిమ్మీ జార్జ్ మరుసటేడు నవంబరు 30న ఇటలీలో కారు ప్రమాదంలో పోయాడు. అప్పటికి ముప్ఫై రెండేళ్లు. ఆ వార్త వచ్చిన రోజు మా కోర్టులో నెట్ కట్టలేదు. మావయ్య కర్రలకి చుట్టుకుని ఉన్న తాడుని ఊరికే సర్దుతూ కూర్చున్నాడు.

1998 తర్వాత లెక్క మారింది. ఎవరు సర్వీసు చేసినా, ర్యాలీ గెలిచినవాడికే పాయింటు, సెట్ ఇరవై ఐదుకి. మ్యాచ్ ఎప్పుడు ముగుస్తుందో తెలియని ఆటని టీవీ వాళ్లు ఎలా చూపిస్తారు? అర్థం చేసుకోగలను. ఆట వేగం పెరిగింది, కొత్తగా చూసేవాళ్లకి తేలిగ్గా బోధపడుతుంది. అయినా పదమూడు–పద్నాలుగు దగ్గర ఓడిపోబోతున్న జట్టు, పాయింటు ఇవ్వకుండా, తీసుకోకుండా, చేంజ్ మీద చేంజ్ లాక్కుంటూ ఊపిరి బిగబట్టి నిలబడే ఆ సమయం ఇప్పుడెక్కడా లేదు. గెలుపు కాదు, ఓటమి కాదు. దానికి వేరే పేరు నాకు తట్టదు.

మావయ్య పోయాక గాదె పక్కన గుడ్డ విప్పితే బంతి ఎండి బిర్రబిగుసుకుపోయి ఉంది. దాని కింద ఒక నోటుపుస్తకం. ఊరి మ్యాచ్‌ల లెక్కలు. పాయింటుకి ఒక గీత, చేంజ్‌కి ఒక చుక్క. ఒక పేజీలో పదిహేను గీతలు ఇటు, పదమూడు గీతలు అటు, మధ్యలో చుక్కలు రెండు వరసలు నిండి మూడో వరసలోకి దిగాయి. తేదీ వెయ్యలేదు. ఎవరు గెలిచారో రాయలేదు.