కొత్త చేతికి కొంత గడువు

మా కుటుంబం మూడు ఊళ్ళలో ఉన్నది. కోరుట్లలో అమ్మీ, ఆపా బీడీలు చుడతారు. మామూజాన్ సిరిసిల్లలో సాంచాలు నడుపుతారు. తమ్ముడు జగిత్యాలలో ఇంటర్ చదువుతున్నాడు. అబ్బాజాన్ దుబాయిలో ఉన్నారు. ఈ సంవత్సరమే బాస్కెట్‌బాల్ మొదలుపెట్టిన తమ్ముడు, తొలి పోటీలోనే ఐదు ఫౌళ్ళు చేసి బయటికి వచ్చాడు. "ఆటా వద్దు, చదువూ వద్దు, నన్నూ అబ్బాజాన్ దగ్గరికి పంపండి" అన్నాడు. ఓటమి కంటే ఆ మాటే మమ్మల్ని కలతపెట్టినది.

సెలవులకు వచ్చినప్పుడు అతడు చూస్తున్న జపాను యానిమే చిత్రాన్ని మేమూ ప్రక్కన కూర్చుని చూశాము. పేరు 'ది ఫస్ట్ స్లామ్ డంక్'. తకేహికో ఇనోఉయె 1990 నుండి 1996 వరకు గీసిన బొమ్మల కథను, 2022లో తానే చిత్రంగా తీశారు. షోహొకు పాఠశాల జట్టు, దేశంలోకెల్లా బలమైన సన్నో జట్టుతో తలపడుతుంది. అందులో సకురగి బంతి పట్టి నాలుగు నెలలే అయిన కుర్రవాడు. మూలకథలో తొలి పోటీలన్నిటా ఐదు ఫౌళ్ళతో వెలుపలికి పోయినవాడే. సన్నోతో ఆడేనాటికి, తనకు వచ్చిన ఒక్క పనిని గట్టిగా పట్టుకున్నాడు: బుట్టలో పడక తిరిగివచ్చే బంతిని ఎగిరి అందుకోవడం. ఇరవై పాయింట్లకు పైగా వెనుకబడిన జట్టు ఆ రీబౌండ్లతోనే నిలద్రొక్కుకున్నది. చివరి క్షణంలో, అతనితో ఎన్నడూ పొసగని రుకావా బంతిని అతనికే అందించాడు. 79–78తో జట్టును గెలిపించినది డంక్ కాదు. అంతకుముందు 20,000 సార్లు సాధన చేసిన మామూలు షాట్.

చిత్రం ముగిశాక మామూజాన్ అన్నారు: "కొత్తవాడు రాగానే సాంచా అప్పగించము బేటా. తెగిన పోగు ముడివేయడం ముందు నేర్పుతాము." అమ్మీ కూడా, తాను తొలినాళ్ళలో చుట్టిన బీడీలలో సగం కార్ఖానాలో తీసిపారవేసేవారని చెప్పినది. ఫోనులో అబ్బాజాన్ మాట ఇంకా సూటిగా ఉన్నది: "నా గదిలో ఉన్నవారిలో చదువు నడుమ వదిలినవారే ఎక్కువ. వీసా ఎక్కడికీ పోదు. పరీక్షలు వ్రాశాక మాట్లాడుకుందాం."

తమ్ముడు జగిత్యాలకు తిరిగి వెళ్ళాడు. ఇప్పుడు అస్ర్ నమాజు తరువాత రీబౌండ్లు మాత్రమే సాధన చేస్తున్నాడు. రెండవ పోటీలో జట్టు ఓడినది. కాని ఇతడు మూడు ఫౌళ్ళతో చివరిదాకా ఆడాడు. పరీక్ష రుసుము కూడా కట్టాడు.

ఆటలోగాని, చదువులోగాని, పనిలోగాని కొత్తగా చేయి పెట్టిన పిల్లలు మన ఇండ్లన్నిటా ఉన్నారు. ఓడిన రాత్రి వారు చెప్పే మాటను ఓపికగా విందాము. ఆ రాత్రే వారి బ్రతుకును నిర్ణయించవద్దు.