మోకాలు నిలబడింది

మా ఇంట్లో టీవీ పక్కన ఒక బొమ్మ కూర్చుని ఉంటుంది. పూర్తయితే 40 సెంటీమీటర్లు ఉండాలి. ఇంకా పూర్తి కాలేదు. తల లేదు, చేతులు లేవు. ఛాతీ, నడుము, రెండు కాళ్లు, అంతే. ఇంటికొచ్చినవాళ్లు దాన్ని చూసి ముందు ఉలిక్కిపడతారు, తర్వాత ‘ఏంటిది?’ అని అడుగుతారు. నేను నోరు తెరిచేలోపే నాన్న లేచి వెళ్లి, దాని కాలు మోకాలి దగ్గర సగం మడిచి వదిలేస్తాడు. కాలు వదిలిన చోటే ఆగిపోతుంది. ‘సూసిన్రా?’ అంటాడు, ఏదో మ్యాజిక్ చేసినట్టు.

ఆ కాలు అలా ఆగడానికి నాలుగు నెలలు పట్టింది. అందులో మూడున్నర నెలలు నా తెలివి, చివరి రెండు వారాలు నాన్న తెలివి.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. రోజంతా స్క్రీన్ మీద కనిపించే పనే తప్ప చేతికి తగిలే పని ఏదీ చేయను. ఒకరోజు రాత్రి రీల్స్ చూస్తుంటే ఒక బొమ్మ కనిపించింది. ఎవరో దాని కాలు మీద కాలు వేయించారు, చేతిని గడ్డం కింద పెట్టించారు. బొమ్మ అలాగే కూర్చుంది. వైరు లేదు, బయటికి స్క్రూ కూడా కనిపించలేదు. ‘ఇది ఎలా ఆగింది?’ అన్న ఒక్క ప్రశ్నతో మొదలైంది నా పిచ్చి.

వాటిని బాల్ జాయింటెడ్ డాల్స్ అంటారు. అభిమానులు ముద్దుగా బీజేడీ అంటారు. వీటి వెనక పెద్ద కథే ఉంది. తాళ్లతో కాళ్లూ చేతులూ కట్టిన మట్టి బొమ్మలు ప్రాచీన గ్రీకుల కాలంలోనే ఉన్నాయి. 1930లలో జర్మనీలో హాన్స్ బెల్మర్ అనే కళాకారుడు బాల్ జాయింట్లతో బొమ్మ చేసి ఫొటోలు తీశాడు. 1965లో జపాన్‌లో యోత్సుయా సిమోన్ అనే యువకుడు ఒక పత్రికలో బెల్మర్ బొమ్మను చూసి తన దారే మార్చుకున్నాడు. అక్కడి నుంచి జపాన్‌లో చేత్తో చేసే బొమ్మలకి ఒక సంప్రదాయం ఏర్పడింది. 1999లో వోక్స్ అనే జపాన్ కంపెనీ ‘సూపర్ డాల్ఫీ’ పేరుతో రెజిన్ బొమ్మల్ని మార్కెట్లోకి తెచ్చాక ప్రపంచమంతా పాకింది ఈ సరదా. మంచి రెజిన్ బొమ్మ కొనాలంటే పదుల వేల రూపాయలు కావాలి. అందుకే నేనే మట్టితో చేద్దామనుకున్నా. ఆన్‌లైన్‌లో రెండు ప్యాకెట్ల స్టోన్ క్లే తెప్పించా. అంటే రాతి పొడి కలిపిన, గాలికే ఆరిపోయే మట్టి. కాల్చాల్సిన పని లేదు.

‘ఇరవై ఎనిమిదేండ్లొచ్చినయ్, ఇంక బొమ్మలేంది?’ అంది అమ్మ. సంబంధం వాళ్లు వస్తే ఆ మట్టి కాళ్లు బీరువాలో పెట్టమని కూడా చెప్పింది.

బొమ్మ లోపల సంగతి ఇదీ. ప్రతి భాగం బోలుగా ఉంటుంది. లోపల నుంచి ఎలాస్టిక్ తాడు మెడ నుంచి పాదాల వరకు వెళ్తుంది. పాదంలో ఒక చిన్న ఎస్ ఆకారపు కొక్కేనికి తగిలిస్తాం. నా బొమ్మకి తల లేదు కాబట్టి మెడ రంధ్రంలో పెన్సిల్ ముక్క అడ్డం పెట్టి, దానికి తగిలించా. తొడ కింది చివర ఒక గిన్నెలా గుంట ఉంటుంది. పిక్క పై చివర ఒక బంతి. ఎలాస్టిక్ లాగుతుంటే బంతి వెళ్లి గుంటలో కూర్చుంటుంది. బంతిలో పై నుంచి వెనక వైపుకి ఒక సన్నటి చీలిక కోయాలి. మోకాలు మడిచినప్పుడు ఎలాస్టిక్ ఆ చీలికలోంచి వెనక్కి జారుతుంది. చీలిక లేకపోతే కాలు మడవదు, మడిచినా టక్కున తన్నేస్తుంది.

గుంట లోతు కూడా తేల్చుకోవాలి. బంతి సగానికి మించి లోపలికి పోతే గుంట అంచు పిక్కకి తగిలి కాలు మడవదు. మరీ తక్కువైతే బంతి పక్కకి జారిపోతుంది. సగం కంటే కొంచెం తక్కువ ఉంటే సరిపోతుంది.

మన బొమ్మలు గుర్తొచ్చాయి అప్పుడు. కొండపల్లి బొమ్మల్లో తెల్ల పొణికి చెక్క ముక్కల్ని చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అతికాక ఇంక కదలదు. తోలుబొమ్మల్లో చేతులూ కాళ్లూ దారంతో ముడి వేస్తారు. అవి వదులుగా ఊగాలి, ఆడించే మనిషి చేతిలో పుల్ల ఉంటుంది కాబట్టి. బీజేడీకి ఈ రెండూ కుదరవు. అది కదలాలి. చెయ్యి తీసేశాక, పట్టుకునే మనిషి లేకుండానే ఆగాలి కూడా. నాకు చిక్కొచ్చింది అక్కడే.

నేను చేసిన పద్ధతి చాలామంది చేసేదే. 20 మిల్లీమీటర్ల చెక్క పూసకి వ్యాజ్‌లైన్ రాసి, పచ్చి మట్టి తొడ చివర నొక్కా. గుంట పడింది. పూస తీసి, తొడని మూడు రోజులు ఆరబెట్టా. అదే పూసని పిక్కకి అతికించి, ఎలాస్టిక్ ఎక్కించి, బొమ్మని నిలబెట్టా. మోకాలి దగ్గర మడత పడి కుప్పకూలింది.

మళ్లీ నిలబెట్టా. మళ్లీ పడింది.

ఉప్పు కాగితం తీసుకుని గుంటలో రుద్దా. ఏ వైపు రుద్దాలో తెలీదు, అన్ని వైపులా రుద్దా. మాస్క్ పెట్టుకునే చేశా, ఎందుకంటే ఆ మట్టి దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోవడం మంచిది కాదు. రుద్దిన కొద్దీ గుంట పెద్దదైంది, బంతి ఇంకా ఎక్కువ ఊగింది. తొడ పారేసి కొత్తది చేశా. అలా ఐదు తొడలు.

ఆఖరికి ఎలాస్టిక్ బిగుతు చాలట్లేదని తేల్చుకున్నా. 2 మిల్లీమీటర్ల తాడు తీసేసి 3 మిల్లీమీటర్లది వేశా, అదీ రెండు వరసలు. కోడ్ స్లోగా ఉంటే తప్పు వెతక్కుండా సర్వర్ సైజు పెంచడం లాంటిదే ఇది. ఆఫీసులో ఎవరైనా ఆ పని చేస్తే మీటింగ్ పెట్టి మరీ తిట్టే మనిషిని నేను.

రాత్రి పదకొండింటికి ‘టక్’ మంది. తొడ అంచు రెండు ముక్కలై ఒకటి మంచం కిందికి, ఒకటి హాల్లోకి ఎగిరింది.

హాల్లో నాన్న ఉన్నాడు.

నాన్న గురించి చెప్పాలి. బాలానగర్‌లో పంపుల విడిభాగాలు చేసే ఒక చిన్న యూనిట్‌లో 33 ఏళ్లు ఫిట్టర్‌గా చేశాడు. రెండేళ్ల క్రితం రిటైరయ్యాడు. అప్పటి నుంచి సోఫాలో ఒక మూల, చేతిలో ఫోన్. తిన్నవా అంటే తిన్న, పోతున్నవా అంటే మంచిది. మా ఇద్దరి మధ్య మాటలు తగ్గాయని అనలేను, అసలు ఎప్పుడున్నాయని. ఆయన పని గురించి నేను అడగలేదు. నా పని గురించి ఆయన ఒకసారి అడిగితే ‘చెప్పినా నీకు అర్థం కాదు నాన్నా’ అన్నా. ఆయన తల ఊపి ఊరుకున్నాడు. ఇంజినీరింగ్‌లో క్యాంపస్ ఫారంలో తండ్రి వృత్తి అన్న చోట ‘ప్రైవేట్ ఉద్యోగి’ అని రాశా. ఫిట్టర్ అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. ఆ ఫారం ఆయన చూశాడో లేదో నాకు ఇప్పటికీ తెలీదు.

విరిగిన ముక్క పట్టుకుని నా గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు నాన్న.

‘ఏంది బిడ్డా ఇది? గట్టిగ గుంజినవా?’

‘నిలబడట్లేదు నాన్నా. అందుకే టైట్ చేశా.’

‘గుంజితే నిలబడ్తదా? బాల్ కూసోవాలె గదా.’ ముక్కని లైటు కింద తిప్పి చూశాడు. బొటనవేలు గోరుతో గుంట లోపల ఒక్కసారి తడిమాడు. ‘సీటింగ్ లేదు. ఈడ రెండు జాగల్లనే తాకుతుంది. మిగతాదంత గాలి.’

నేను మూడున్నర నెలలుగా చూడలేనిది ఆయన గోటితో పది సెకన్లలో చెప్పేశాడు. ఆరేటప్పుడు మట్టి కుంచించుకుపోతుంది, చెక్క పూస కుంచించుకుపోదు. పూసతో నొక్కిన గుంట ఆరాక పూస కంటే కొంచెం చిన్నదవుతుంది, ఒకవైపు లాగినట్టు కోలగా కూడా అవుతుంది. ఇంక బంతి అడుగుకి చేరదు, అంచు మీద రెండు చోట్ల ఆనుకుని ఊగుతుంది. ఒక కాలు పొట్టిగా ఉన్న స్టూల్‌ని ఎంత గట్టిగా నేలకి నొక్కినా ఊగుతుంది కదా, అలా.

‘కాటుక ఉందా?’ అన్నాడు నాన్న.

‘కాటుకా?’

‘కంపెనీల నీలం రంగు ఉంటుండె. ఇంట్ల ఏముంటది, కాటుకనే.’

వాల్వ్‌కి, దాని సీటుకి మధ్య సందు లేకుండా చేయడం ఆయన రోజువారీ పని అని ఆ రాత్రే నాకు తెలిసింది. ఒకదానికి పల్చగా రంగు పూస్తారు. రెండోదానిలో పెట్టి కొంచెం తిప్పి తీస్తారు. ఎక్కడ తాకిందో అక్కడ రంగు అంటుతుంది. ఆ మచ్చ పడ్డ చోట మాత్రమే గీకాలి. మళ్లీ రంగు, మళ్లీ మచ్చలు, మళ్లీ గీకుడు.

‘తాకేది గీకు, తాకనిది ముట్టకు,’ అన్నాడు. ‘నువ్వు తాకనిదాన్ని గూడ రుద్దినవ్, గందుకే వదులైంది.’

కాటుక పనికిరాలేదు. మట్టి నూనె పీల్చేసుకుని, మచ్చ పాకిపోయి గుంటంతా నల్లగా అయింది. నాన్న కాసేపు ఆలోచించి ‘పెన్సిల్ రుద్దు’ అన్నాడు. నా దగ్గర బొమ్మ మొహానికి స్కెచ్ గీయడానికి కొన్న 6బీ పెన్సిల్ ఉంది. దాన్ని పూస మీద రుద్దితే మెత్తటి పొడి అంటుకుంది. గుంటలో పెట్టి తిప్పితే శుభ్రమైన బూడిద రంగు మచ్చలు, సరిగ్గా రెండు.

ఆరో తొడ ఇద్దరం కలిసి చేశాం. ఈసారి 20 మిల్లీమీటర్ల పూస బదులు కొంచెం చిన్నదానితో నొక్కమన్నాడు. ‘గిన్నె చిన్నగనే ఉండనియ్. చిన్నది పెద్దగ చేయొచ్చు. పెద్దది చిన్నగ చేసుడెట్ల?’ ఆరాక, 18 మిల్లీమీటర్ల పూసని పుల్లకి గుచ్చి, దాని మీద ఎమరీ పేపర్ ముక్కలు అతికించి ఒక చిన్న పనిముట్టు చేశాడు. పేపర్ మందం కలిసి బంతి సైజుకి దగ్గరికొస్తుంది. ముందు దానితో గిన్నెని సైజుకి తెచ్చాం. తర్వాత పెన్సిల్ మచ్చలు చూసుకుంటూ చిన్న బ్లేడు ముక్కతో గీకడం.

ఆయన కళ్లద్దాలు ముక్కు చివరికి జారేవి. చేయి కొంచెం వణికేది, గీకేటప్పుడు మాత్రం వణికేది కాదు. రెండు మచ్చలు నాలుగయ్యాయి. నాలుగు ఒక రింగులా అయ్యాయి. గుంటంతా నల్లగా అంటుకోవాలేమో అనుకున్నా. కాదట. చుక్కలు చుక్కలుగా అన్ని వైపులా సమానంగా పడితే చాలట. గిన్నె లోపల నున్నగా చేయొద్దన్నాడు. బయట కాలంతా 600 నంబర్ కాగితం దాకా రుద్దాం, లోపల 220 దగ్గర ఆపేశాం. కొంచెం గరుకుంటేనే పట్టు ఉంటుంది.

మధ్యలో మాటలు వచ్చాయి. వెతుక్కోకుండా వచ్చాయి. కంపెనీకి సీఎన్‌సీ మెషిన్లు వచ్చిన ఏడు తనని ఫిట్టింగ్ నుంచి స్టోర్‌కి మార్చారని చెప్పాడు. చివరి ఆరేళ్లు ఆకురాయి పట్టుకోకుండా బోల్టులు లెక్కపెట్టాడట. మాకెవరికీ చెప్పలేదు. ‘చెప్పినా మీకు ఏం అర్థమైతది’ అన్నాడు, నవ్వుతూనే. నా మాటే నాకు తిరిగొచ్చింది. నేను తల దించుకుని పెన్సిల్ రుద్దుతూ కూర్చున్నా.

ఒక ఆదివారం మధ్యాహ్నం పాత 2 మిల్లీమీటర్ల ఎలాస్టిక్, ఒకే వరస ఎక్కించాం. కాలు చాపితే నిలిచింది. సగం మడిస్తే సగంలో ఆగింది. నాన్న దాన్ని పూర్తిగా మడిచి, బోర్లించిన స్టీలు గ్లాసు మీద కూర్చోబెట్టాడు. తల లేని బొమ్మ, ఒక్క కాలితో, గ్లాసు మీద దర్జాగా కూర్చుంది. అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి ‘మంచిగుంది గానీ, తలకాయ పెట్టుండ్రి ముందు’ అంది.

‘రెండో కాలెప్పుడు?’ అన్నాడు నాన్న.

మొన్న ఆఫీసులో ఇన్సూరెన్స్ ఫారం నింపాల్సి వచ్చింది. తల్లిదండ్రుల వృత్తి అడిగింది. లిస్టులో ఫిట్టర్ లేదు. ‘ఇతరాలు’ నొక్కి, టైప్ చేశా: ఫిట్టర్, రిటైర్డ్. ఈ సంగతి నాన్నకి చెప్పలేదు. ఆ క్యాంపస్ ఫారం సంగతి కూడా ఎప్పుడు చెబుతానో తెలీదు.

ఇప్పుడు మోచేయి దగ్గర ఉన్నాం. బంతి 12 మిల్లీమీటర్లే, మచ్చలు కంటికి ఆనట్లేదు. భూతద్దం కొనమన్నాడు. లైటున్నది చూడమన్నాడు, రేటు ఎంతైనా పర్లేదట, ఆయనే ఇస్తాడట. మొదటి మోచేయి తన్నేస్తోంది ఇంకా. చీలిక పొట్టిదైందని నేనంటున్నా. సీటింగ్ అని ఆయనంటున్నాడు. రాత్రి భోజనాలయ్యాక పెన్సిల్ రుద్ది చూస్తాం.