నాటినవారు చూడని నీడ



గత మే నెలలో మా అమ్మాయిని ప్రవేశ పరీక్షకు తీసుకొని మేము, అమ్మగారు హైదరాబాదు వెళ్ళాము. తార్నాకలో మెట్రో దిగి ఉస్మానియా విశ్వవిద్యాలయము చేరేసరికి ఎండ నిప్పులు చెరుగుతున్నది. అమ్మాయి పరీక్ష వ్రాస్తుండగా మేము ఒక నిద్రగన్నేరు చెట్టు క్రింద తువాలు పరచుకొని కూర్చున్నాము. ఎక్కడెక్కడి నుండో వచ్చిన తల్లిదండ్రులు అక్కడే సద్దిమూటలు విప్పుకొని, ఒకరికొకరు పెట్టుకొని తిన్నారు.

మాకు మాత్రము ముద్ద దిగలేదు. రెండేండ్ల క్రిందట మందిరపు ఆవరణలోని ఇటువంటి చెట్టునే కొట్టించాము. ప్రహరీగోడకు డబ్బు చాలలేదు, ఆకులు ఊడ్వలేకపోతున్నామని పెద్దలన్నారు, కాపరిగా మేము సరేనన్నాము. గోడ లేచినది. కాని ఆరాధన తరువాత ఆ నీడలో కూర్చొని కష్టసుఖాలు చెప్పుకొనే ముసలివారు ఇప్పుడు తిన్నగా ఇండ్లకు పోతున్నారు. ఎవరింట పొయ్యి వెలగలేదో మాకు తెలిసేది ఆ నీడలోనే.

బయటికి వచ్చిన అమ్మాయితో ఈ మాట అన్నాము. అది వృక్షశాస్త్రము చదివిన పిల్ల. “ఈ చెట్టు అమెరికా ఖండము నుండి వచ్చినది నాన్నా” అని, అక్కడి రెడ్‌వుడ్ చెట్ల సంగతి చెప్పినది. పేరు విని మన ఎర్రచందనమనుకోకండి. కాలిఫోర్నియా కొండలలోని ఈ మహావృక్షాలు కొన్ని 3,000 ఏండ్లు దాటి బ్రతుకుతాయట. 1853లో వాటి విత్తనాలు బ్రిటన్ చేరగా, పెద్ద పెద్ద తోటలలో నాటారు. 170 ఏండ్లు గడచినా ఆ చెట్లింకా పడుచువేనట! నాటినవారు వాటి నిండు ఎత్తు చూడలేమని తెలిసే నాటారు.

ఈ విశ్వవిద్యాలయము 1918లో స్థాపించబడినది. ఆర్ట్స్ కళాశాల భవనము 1939లో ప్రారంభమైనది. కట్టించినవారి పేర్లు చరిత్రలో ఉన్నవి. మాకు నీడనిచ్చిన చెట్టును నాటిన చేతుల పేరు ఎక్కడా లేదు. పరదేశిగా ఉన్న అబ్రాహాము బెయేర్షెబాలో చెట్టు నాటిన సంగతి అప్పుడు జ్ఞాపకమునకు వచ్చినది.

ఊరు చేరిన ఆదివారము సంఘము ఎదుట మా పొరపాటు ఒప్పుకొన్నాము. తొలకరికి అదే చోట మొక్క నాటాము. చెట్టు పోయిననాడు ఏడ్చిన అవ్వే రోజూ చెంబుతో నీళ్ళు పోస్తున్నది. “దీని నీడ నేను చూడను అయ్యగారూ” అంటూనే పోస్తున్నది.

మీ మందిరపు ఆవరణలో చెట్టున్నదా? గొడ్డలి ఎత్తకముందు దాని క్రింద ఎవరు కూర్చుంటున్నారో ఒక్కసారి చూడండి.