చేసినవాళ్లే అమ్మే వసారా

అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో, శాంతా ఫే ఊరి నడిబొడ్డున, ప్లాజాకి ఉత్తరం పక్కన, 1610 నాటి మట్టిగోడల భవనం ఉంది. పేరు ప్యాలెస్ ఆఫ్ ది గవర్నర్స్. ఇప్పుడది మ్యూజియం. దాని ముందున్న పొడవాటి వసారాలో అమెరికన్ ఇండియన్ కళాకారులు గోడకు ఆనుకుని వరసగా కూర్చుంటారు. ఎదురుగా పరిచిన గుడ్డ మీద వెండి ఉంగరాలు, కడియాలు, టర్కాయిస్ రాళ్ల హారాలు. అల్బుకర్కీలో ఉండే మాకు గంట ప్రయాణం. ఇండియా నుంచి ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్తాను.

అక్కడ ఎవరు పడితే వాళ్లు కూర్చోడానికి వీల్లేదు. గుర్తింపు పొందిన తెగలవాళ్లై ఉండాలి. అమ్మే వస్తువు తామో, తమ ఇంట్లోవాళ్లో చేసిందై ఉండాలి. దాని మీద చేసినవాళ్ల ముద్ర ఉండాలి. చోటుకి మించి మనుషులు వస్తే పొద్దున్నే లాటరీ తీస్తారు. మాకెందుకు చోటివ్వరని బయటి నగల తయారీదారులు కోర్టుకెక్కితే, 1979లో ఫెడరల్ అప్పీలు కోర్టు మ్యూజియం విధానాన్నే సమర్థించింది. తెగలవాళ్లు చేయనిదాన్ని వాళ్ల పేరు చెప్పి అమ్మడం నేరమని 1990లో చట్టం కూడా వచ్చింది. అయినా ఫిలిప్పీన్స్‌లో చేయించిన నగలు ఈ రాష్ట్రంలోనే వాళ్ల పేరుతో చెలామణీ అయ్యాయి. 2015లో అధికారులు సోదాలు చేశారు. ఈ కట్టుబాట్లు ఇంకా గట్టిగా ఉండాలనే నేను కోరుకుంటాను.

పోయిన వేసవిలో అమ్మ వచ్చింది. కేవా ప్యూబ్లో అనే తెగ ఊరికి చెందిన ఒక పెద్దావిడ ముందు ఆగి, సన్నని పూసల పేట ఒకటి చేతిలోకి తీసుకుంది. "ఎన్ని గ్రాములుంటుందే?" అని అడిగింది నన్ను. అది గవ్వచిప్పల పని, హెయిషి అంటారు. చిప్పని చిన్న చిన్న ముక్కలుగా విరిచి, ఒక్కో ముక్కకీ బెజ్జం వేసి, తీగకి గుచ్చి, ఆ దండనంతా తిరిగే సానరాయి మీద అరగదీస్తారు. ఆ ఒరిపిడికి తట్టుకోలేక పగిలిపోయేవి పగిలిపోగా మిగిలినవే దారానికెక్కుతాయి. మంచి పేటని వేళ్ల మధ్య లాగి చూస్తే ఎక్కడా గరుకు తగలదు. అమ్మ అలాగే లాగి చూసి, "తూకానికి కొనేది కాదులే ఇది" అంది.

చేతిపని విలువ అమ్మకి నేను చెప్పనక్కర్లేకపోయింది. మా తాతయ్య బంగారం ఇచ్చి, అరుగు మీద కుంపటి పెట్టించి, కంసాలికి ఎదురుగా కూర్చుని అమ్మ పుస్తెలు చేయించారు. ఊదుగొట్టం, పట్టకారు, మూస అన్నీ తను చూసినవే. ఇప్పుడు మన షాపుల్లో తరుగు ఇంత శాతం, మజూరీ ఇంత అని బిల్లులో కనిపిస్తుంది గానీ చేసిన మనిషి కనిపించడు. మా ఇంట్లో కరీంనగర్ వెండి తీగపని పళ్లెం ఒకటుంది. ఆ పనికి 2007లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంత సన్నని తీగని మెలిపెట్టి అతికిన చేయి ఎవరిదో తెలిపే గుర్తు మాత్రం ఆ పళ్లెం మీద ఎక్కడా లేదు. నాకది బాధగానే ఉంటుంది.

టర్కాయిస్ రాయి కొనేవాళ్లు మొహమాటపడకుండా అడగాలి: సహజమైనదా, గట్టిపడటానికి రెజిన్ పట్టించినదా, లేక ఉత్త ప్లాస్టిక్ దిమ్మ నుంచి కోసినదా? రెజిన్ పట్టించడం మోసం కాదు, చెప్పకపోవడమే మోసం. మచ్చలేని ఆకాశనీలం రాళ్లకి పేరుపడ్డ అరిజోనాలోని స్లీపింగ్ బ్యూటీ గనిలో టర్కాయిస్ తీయడం 2012లో ఆపేశారు. ఆ పేరుతో చవగ్గా దొరికితే అనుమానించాల్సిందే. ఆ వసారాలో మాత్రం నేను బేరమాడను. ధర చెప్పే మనిషే ఆ బెజ్జాలు వేసిన మనిషి.

అమ్మ ఆ పేటే తీసుకుంది. పెద్దావిడ రసీదు మీద తన పేరు, ఊరి పేరు, వాడిన చిప్ప రకం రాసిచ్చింది. అమ్మ నాచేత మరో ప్రశ్న అడిగించింది: "మీ పిల్లలకి వచ్చా ఈ పని?" కొడుకు ట్రక్కు నడుపుతాడట. మనవరాలు మాత్రం సెలవుల్లో వచ్చి బెజ్జాలు వేస్తోందట, ఇంకా సాన పట్టనివ్వడం లేదట.