సేలా దాటి తవాంగ్‌కు

ఎల్.టి.సి. అనగానే మన ఉద్యోగుల కుటుంబాలలో మొదట వినిపించే పేర్లు ఊటీ, కన్యాకుమారి, సిమ్లా, హరిద్వార్. మా ఇంటిలోనూ అదే చర్చ జరిగింది. కాని పదవీ విరమణకు ముందు మిగిలిన ఆఖరి అవకాశం గనుక ఈసారి స్థలనిర్ణయం నాకే వదలివేయవలసిందిగా అందరినీ ఒప్పించి, గత నవంబరు మొదటి వారంలో అరుణాచల్ ప్రదేశ్‌లోని తవాంగ్‌కు బయలుదేరాము. నేను, మా శ్రీమతి, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి. "చలికాలంలో చలి ఊరికి ఎవరైనా వెళతారా నాయనా?" అని మా అత్తగారు అన్నమాట సబబైనదే. అయితే నేను చూడదలచినది ఆ చలినే.

దానికొక కారణమున్నది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా టౌన్‌షిప్ గ్రంథాలయంలో బ్రిగేడియర్ జాన్ దళ్వీ రచించిన 'హిమాలయన్ బ్లండర్' అనే గ్రంథం నా చేతికి వచ్చింది. 1962లో చైనాతో జరిగిన యుద్ధంలో 7వ బ్రిగేడ్‌కు నాయకత్వం వహించి, శత్రువుకు బందీగా చిక్కి, 1963లో విడుదలైన సైన్యాధికారి ఆయన. ఆ పుస్తకం 1969లో వెలువడింది. అందరూ దానిని యుద్ధకథగా చదువుతారు. స్టోర్స్ విభాగంలో జీవితం గడిపిన నాకు మాత్రం అది మొదటి పేజీ నుండి చివరి పేజీ వరకు ఒక స్టోర్స్ లెడ్జరు వలె కనిపించింది. ఏమి కావాలని అడిగారు, ఎప్పుడు అడిగారు, ఎంత చేరింది, ఎవరికి చేరింది. ఆ లెడ్జరులోని చోట్లను కంటితో చూడాలన్న కోరిక ముప్పయి ఏళ్ళుగా అలాగే ఉండిపోయింది.

గౌహతి వరకు రైలు, అక్కడి నుండి టాక్సీలో తేజ్‌పూర్. బ్రహ్మపుత్ర ఒడ్డున ఉన్న ఈ పట్టణమే పురాణాలలోని శోణితపురమని స్థానికుల విశ్వాసం. బాణాసురుడు తన కుమార్తె ఉషను దాచి, చుట్టూ అగ్నిని కాపలా పెట్టిన కొండ ఇదేనంటూ అగ్నిగఢ్‌ను చూపించారు. ఉషాపరిణయ కథను యక్షగానాలలో, హరికథలలో విన్న మా శ్రీమతికి ఆ ఊరు పుట్టింటి ఊరిలా తోచింది. నాకు మాత్రం అక్కడ గుర్తుకు వచ్చినది 1962 నవంబరు 19, 20 తేదీలు. కొండల మీది సైన్యం చెదరిపోయిన వార్త తెలిసి పట్టణం పట్టణమంతా ఖాళీ అయింది. బ్యాంకులోని కరెన్సీ నోట్లను తగులబెట్టారు. జనం పడవలెక్కి నది దాటారు. ఇంతవరకు రావడానికి కారణమైన తప్పులు ఎక్కడో పైన, రెండు నెలల ముందే జరిగిపోయాయి.

భాలుక్‌పోంగ్ దగ్గర ఇన్నర్ లైన్ పర్మిట్ చూపించి కొండదారి పట్టాము. ఈ పర్మిట్ ముందుగానే తీసుకొనడం మంచిది. బొమ్‌డిలా చేరేసరికి సాయంత్రం అయిదు కాకముందే చీకటి పడింది. తూర్పు కొసన సూర్యుడు మనకంటె ముందే లేచి ముందే నిద్రపోతాడు. మరునాడు దిరాంగ్ మీదుగా సేలా కనుమకు ఎక్కడం మొదలుపెట్టాము. 2024 మార్చిలో ప్రారంభించిన సొరంగమార్గం ఉండగా పాతదారిన ఎందుకని మోన్‌పా తెగకు చెందిన మా డ్రైవరు అడిగాడు. కనుమ చూడాలన్నాను. నవ్వి పైకి మళ్ళించాడు.

13,700 అడుగుల ఎత్తున కారు దిగగానే గాలి చెంపమీద కొట్టినట్లయింది. రంగురంగుల ప్రార్థనా పతాకాలు పటపట కొట్టుకొంటున్నాయి. పక్కనే ఉన్న సరస్సు అంచులు గాజుపలకలా గడ్డకట్టి ఉన్నాయి. మా అమ్మాయి నాలుగు అడుగులు పరుగెత్తి, ఆయాసంతో నిలబడిపోయింది. నా ఒంటిమీద రెండు స్వెట్టర్లు, పైన దూది నింపిన కోటు, చేతులకు తొడుగులు. అయినా పది నిమిషాలకు వేళ్ళు నావి కాకుండా పోయాయి. టీ గ్లాసు పట్టుకొంటే వేడి తెలియలేదు.

ఇక్కడ నిలబడినప్పుడే ఆ లెడ్జరు నాకు నిజంగా అర్థమైనది. 1962 జూన్‌లో తవాంగ్‌కు పశ్చిమాన, నామ్‌కా చూ అనే ఏటి దగ్గర మనవారు ధోలా అనే చౌకీ నెలకొల్పారు. సెప్టెంబరు 8న చైనా దళాలు ఎదుటనున్న థాగ్‌లా శిఖరం మీదనుండి దిగివచ్చాయి. వారిని వెనక్కు నెట్టివేయాలని ఢిల్లీలో నిర్ణయం జరిగింది. నిర్ణయానికి ఒక పూట చాలింది. దానిని అమలు జరపవలసినవారికి మోటారు రోడ్డు తవాంగ్‌తో ఆగిపోయింది. అక్కడినుండి రోజుల తరబడి కాలినడక. 7వ బ్రిగేడ్ ఉన్న 4వ డివిజన్ రెండవ ప్రపంచయుద్ధంలో ఆఫ్రికా ఎడారులలో పేరు గడించినది. మైదానాలలో పోరాటానికి అలవాటుపడిన ఆ దళాలు నూలు యూనిఫారాలతో, మనిషికి ఒక దుప్పటి చొప్పున, తుపాకికి యాభై తూటాలతో పదివేల అడుగులకు పైబడిన ఏటిలోయలో దిగాయి. మిగిలిన సామాను విమానాలు త్సాంగ్‌ధర్ అనే చోట జారవిడిచాయి. అందులో చాలా భాగం లోయలలోకి దొర్లిపోయింది. స్టోర్స్ భాషలో చెప్పాలంటే పంపినట్లు కాగితం ఉన్నది, అందినట్లు రశీదు లేదు.

ఇది సాధ్యం కాదని చెప్పినవారు లేకపోలేదు. 33వ కోర్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ ఉమ్రావ్ సింగ్ తగినంత సామగ్రి ముందుగా చేరనిదే దాడి కుదరదని లెక్కలతో సహా తెలియజేశారు. ఫలితంగా ఆ బాధ్యతనుండి ఆయనను తప్పించి, కొత్తగా 4వ కోర్‌ను ఏర్పాటుచేసి, లెఫ్టినెంట్ జనరల్ బి.ఎం. కౌల్‌కు అప్పగించారు. పోరాట దళాలను యుద్ధంలో నడిపిన అనుభవం ఆయనకు లేదు. ఉత్సాహానికి మాత్రం లోటు లేదు. అక్టోబరు 4న తేజ్‌పూర్ చేరిన ఆయన 10వ తేదీని గడువుగా పెట్టుకొన్నారు. 16,000 అడుగుల ఎత్తున ఉన్న యుమ్‌త్సో లాను ఆక్రమించాలని నూలు దుస్తులలోని జవానులకు ఆజ్ఞ ఇచ్చారు. 10వ తేదీ ఉదయం త్సెంగ్ జోంగ్ వద్ద మన చిన్న దళం మీద చైనావారు విరుచుకుపడినప్పుడు గాని ఆయనకు పరిస్థితి కంటికి కనబడలేదు. సలహా తీసుకొనడానికి ఢిల్లీ వెళ్ళారు. తరువాత ఆ ఎత్తుల గాలి ఆయన ఊపిరితిత్తులనే దెబ్బతీయగా మళ్ళీ ఢిల్లీ చేరి, ఇంటిలో పడకమీదనుండే ఆదేశాలు పంపారు.

ఇంతలో 12వ తేదీన కొలంబో వెళుతూ ప్రధాని నెహ్రూ, మన భూభాగాన్ని విడిపించవలసిందిగా సైన్యానికి చెప్పి ఉన్నామని పత్రికలవారితో అన్నారు. ఆ మాట ప్రపంచమంతా విన్నాక లోయలోని బ్రిగేడ్‌ను వెనుకనున్న మెరుగైన స్థానాలకు తీసుకురావడం ఎవరి తరం? చలికాలం గడిపేందుకు వెనక్కు రానివ్వమని దళ్వీ మొరపెట్టుకొంటూనే ఉన్నారు. అక్టోబరు 20 తెల్లవారుజామున దాడి మొదలైంది. 2వ రాజ్‌పుత్ పటాలంలో 513 మందికి 282 మంది అక్కడే ప్రాణాలు విడిచారు. రెండు రోజులకు బ్రిగేడియర్ స్వయంగా బందీ అయ్యారు.

చలి మనవారిని ఓడించిందని కొందరు రాస్తారు. నెపోలియన్‌ను రష్యా మంచు ఓడించిందన్నట్లే ఇదీనూ. 1812లో ఆయన సేనలో అధికభాగం మాస్కో చేరకముందే, ఎండలలోనే, ఆకలికీ రోగాలకూ కరిగిపోయింది. ఆ సంగతి మనకు పాఠ్యపుస్తకాలలో కనబడదు. థాగ్‌లా మీద చలి ఇరుపక్షాలకూ ఒకటే. అవతలివారికి దూది కుట్టిన కోట్లున్నాయి, టిబెట్ ఎత్తులకు అలవాటుపడిన ఊపిరితిత్తులున్నాయి, శిఖరం వెనుకవైపు దాకా లారీలు వచ్చే రోడ్డున్నది. అక్టోబరు తరువాత నవంబరు వస్తుందన్నది వారికీ తెలుసు, మనకూ తెలుసు.

కనుమ దిగి కొంత దూరం వెళ్ళాక జస్వంత్‌గఢ్. ఇక్కడ ఆగని వాహనం లేదు. 4వ గఢ్వాల్ రైఫిల్స్‌కు చెందిన రైఫిల్‌మన్ జస్వంత్ సింగ్ రావత్ 1962 నవంబరు 17న నూరానాంగ్ పోరులో అమరుడై మరణానంతరం మహావీర చక్రం పొందారు. ఆయన ఒంటరిగా మూడు రోజులు శత్రువును నిలువరించారని, సేలా, నూరా అనే ఇద్దరు మోన్‌పా యువతులు సాయపడ్డారని ఈ ప్రాంతంలో కథలుగా చెప్పుకొంటారు. ఆయన పడక, యూనిఫారం నేటికీ జవానులు సిద్ధపరచి ఉంచుతారు. వచ్చినవారందరికీ సైనికులు వేడి టీ ఇచ్చారు. డబ్బు తీసుకోరు. గ్లాసు అందించిన కుర్రవాడి చేతులకు మందపాటి ఉన్ని తొడుగులు ఉండడం నేను గమనించాను.

ఇంత గట్టిగా పోరాడిన దళం వెనుక ఉన్న సేలా ఎలా పోయింది? కౌల్ తూర్పున వాలాంగ్ వైపు వెళ్ళి ఉన్నారు. తేజ్‌పూర్‌లో నిర్ణయించేవారు లేరు. 1913లో బెయిలీ అనే ఆంగ్లేయుడు నడిచిన కొండదారిన, పోషింగ్ లా మీదుగా చైనా దళాలు చుట్టుతిరిగి వచ్చి, సేలాకు బొమ్‌డిలాకు నడుమ రోడ్డును కోసివేశాయి. నవంబరు 17 రాత్రి నిలబడాలా, వెనుదిరగాలా అన్న తర్జనభర్జనలోనే ఆ ఎత్తైన స్థానం దాదాపు పోరు లేకుండా చేజారింది. చీకటిలో, మంచులో విడివిడిగా వెనుదిరిగిన జవానులలో ఎంతోమంది భూటాన్ అడవుల దారి పట్టారు. నవంబరు 21న చైనా తనంతట తానే కాల్పులు విరమించి తరువాత వెనక్కు మళ్ళింది. దానికి రాజకీయ కారణాలు ఎన్నో చెబుతారు. కనుమలు మంచుతో మూసుకుపోతే ఇవతల చిక్కుకొన్న తమ సేనకు బియ్యం ఎలా చేరుతుందన్న లెక్క కూడా వారు వేసుకొనే ఉంటారని నా అభిప్రాయం.

తవాంగ్‌లో మూడు రోజులున్నాము. పదిహేడవ శతాబ్దంలో మేరాక్ లామా నెలకొల్పిన బౌద్ధారామం, ఆరవ దలైలామా జన్మస్థలమైన ఉర్గెలింగ్, పొగలుగక్కే థుక్పా, మా శ్రీమతికి ఎంతమాత్రం నచ్చని ఉప్పు వెన్న టీ, వీటి గురించి వేరే వ్యాసమే రాయవచ్చు. చివరి సాయంత్రం యుద్ధస్మారకానికి వెళ్ళాము. నలభై అడుగుల స్తూపం. కామెంగ్ సెక్టార్‌లో ప్రాణాలర్పించిన 2,420 మంది పేర్లు పటాలాల వారీగా ఫలకాల మీద చెక్కి ఉన్నాయి. మా అమ్మాయి బిగ్గరగా ఒక్కొక్క పేరే చదువుతూ వెళ్ళింది. కొంతసేపటికి గొంతు తగ్గించింది.

ఆ ఫలకాల ముందు నాకు ఒక పాత సంగతి గుర్తుకు వచ్చింది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చాలా ఏళ్ళ క్రితం ఉత్తరాదిలోని ఒక యూనిట్‌లో పనిచేస్తున్నప్పుడు, రాత్రి కాపలా సిబ్బందికి ఉన్ని కోట్ల కోసం సెప్టెంబరులో ఒక ఇండెంటు నా బల్లమీదకు వచ్చింది. పరిమాణాల పట్టికలో పొరపాటున్నదని తిప్పి పంపాను. సరిచేసి పంపారు. ధరల పోలిక లేదని మళ్ళీ పంపాను. రెండు అభ్యంతరాలూ నియమావళి ప్రకారం సరియైనవే. కోట్లు ఫిబ్రవరి ఆఖరున వచ్చాయి. జనవరిలో ఒక తెల్లవారుజామున గేటు దగ్గర, గోనెసంచి భుజాలమీద కప్పుకొని మంట ముందు కూర్చున్న వృద్ధ గార్డు నన్ను చూసి లేచి నిలబడి సెల్యూట్ చేశాడు. "కోట్లు వస్తున్నాయట గదా బాబూజీ" అన్నాడు. వస్తున్నాయన్నాను. మా గదికి వచ్చి హీటరు వేసుకొన్నాను. అతనికేమీ కాలేదు. మరుసటి ఏడు రిటైరై ఊరికి వెళ్ళిపోయాడు.

"ఏమండీ, చలేస్తోందా?" అని మా శ్రీమతి అడిగింది. లేదన్నాను.

తిరుగు ప్రయాణంలో డ్రైవరు సొరంగంలోనుండి తీసుకువెళ్ళాడు. కొద్ది నిమిషాలలో కొండ దాటేశాము. దారిలో తన తాతగారు 1962లో సైన్యానికి సామాను మోసిన సంగతి చెప్పాడు. జవానులు తమ బూట్లకు గడ్డి కుక్కుకొనేవారని ఆయన మనవళ్ళకు చెప్పేవాడట. సొరంగం అవతలి ముఖద్వారం దగ్గర ఎదురుగా సైనిక లారీల వరుస రాసాగింది. మా కారు పక్కకు ఆగింది. మంచు ముదరకముందే పైకి చేరవలసిన సరుకని డ్రైవరు అన్నాడు. టార్పాలిన్లు బిగించి కట్టి ఉన్నాయి. కొన్నింటి వెనుక కిరోసిన్ పీపాలు కనిపించాయి. అలవాటు చొప్పున లెక్కపెట్టాను. నలభై మూడు లారీలు వెళ్ళాక మాకు దారి దొరికింది.