షోరూంలో నిలబడి మేము చూసింది

డిగ్రీ అయ్యాక డీఎస్సీ కోచింగ్ ఫీజుకి డబ్బులు కావాలని పాడేరు వైపు నుంచి మేము నలుగురం వైజాగ్‌లో ఒక బట్టల షోరూంలో చేరాం. షాపు పేరు రాయడం లేదు.

పని కష్టంగా ఉందని ఈ పోస్టు పెట్టడం లేదు. కొండపోడు ఎక్కి దిగిన కాళ్ళు మనవి. కానీ పొద్దున్న పది నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా, బేరం లేనప్పుడు కూడా కూర్చోకూడదు. గోడకి ఆనుకుంటే కెమెరాలో చూసి ఫోన్ చేస్తారు.

దానికంటే మనసుని తినేసేది టార్గెట్. రోజూ పొద్దున్న మీటింగులో పేరు పేరునా నిన్నటి అమ్మకం చదువుతారు. తక్కువున్నవాళ్ళు ముందుకొచ్చి నిలబడాలి. కస్టమర్ కొనకుండా వెళ్ళిపోతే ఎందుకు కొనలేదో మేమే చెప్పాలి. ఏం చెప్తాం?

ఒకరోజు ఒక ముసలమ్మ మనవరాలి పెళ్ళికని ఆరొందల్లో చీర అడిగింది. మేనేజర్ గారు వెనకనుంచి సైగ చేశారు, రెండు వేలవి చూపించమని. చూపించాం. రేటు విని ఆవిడ కొంగు ముడి తడుముకుంది, అచ్చం మన అమ్మల్లాగే. ఇక ఆగలేక కింది అరలోంచి ఆరొందల రకం తీసి ఇచ్చేశాం. రాత్రి అందరి ముందూ, "కొండ మీంచి దిగినోళ్ళకి అమ్మడం ఏం తెలుస్తుంది" అన్నారు. అందరూ నవ్వారు. మా నలుగురిలో కూడా ఒకరం నవ్వాం. ఆ రోజు టార్గెట్ అయినది ఆ ఒక్కరిదే మరి. ఆ నవ్వు గురించి రూంలో ఇప్పటికీ ఎవరం మాట్లాడుకోం.

మేనేజర్ గారిని కూడా పైవాళ్ళు ఫోన్లో తిడతారు, విన్నాం. జాలి వేసింది. అయినా ఆ తిట్టు తిన్నగా మా మీదకే దిగుతుంది కదా.

ఇటుకల పండగకి సెలవడిగితే పెళ్ళిళ్ళ సీజనన్నారు. ఇంటికి ఫోన్ చేసి, "బాగానే ఉన్నామమ్మా" అన్నాం. తర్వాత చాలాసేపు ఎవరికీ అన్నం సయించలేదు.

కేరళలో బట్టల షాపుల ఆడవాళ్ళు కూర్చునే హక్కు కోసం పోరాడితే 2018లో అక్కడ దుకాణాల చట్టం మార్చారు. తమిళనాడులో 2021లో మార్చారు. ఈ సంగతి తెలిశాక మొన్న నలుగురం కలిసి వెళ్ళి సెక్షన్‌కి రెండు స్టూళ్ళు వేయమని అడిగాం. ముందు మాట్లాడింది ఆ రోజు నవ్విన మనిషే. "చూద్దాం" అన్నారు. స్టూళ్ళు ఇంకా రాలేదు. ఈ ఆదివారం మళ్ళీ అడుగుతాం.