మీ నాయినకు ఐ7 ఎందుకురా?

తుర్కయాంజాల్

దోస్త్,

నీ మెసేజ్ చూసిన. నాయిన లాప్‌టాప్ స్లో అయిందట, అమెరికా నుంచి వచ్చేటప్పుడు ఐ7, 16 జీబీ ర్యామ్‌ది తెస్త అని రాసినవ్. ఫోన్‌ల చెప్తే సగం విని ఆర్డర్ పెట్టేస్తవ్ గనుక ఉత్తరం రాస్తున్న. ఐ7 వద్దు.

మొన్న ఆదివారం మీ ఇంటికి పోయి ఆయన పక్కనే కూసున్న. ముందు ఈ-పేపర్ తెరుస్తరు. అక్షరాలు పెద్దగ చేసుకొని జిల్లా పేజీ అంత చదువుతరు. దాన్ని మూయకుండనే యూట్యూబ్‌ల ప్రవచనం పెడ్తరు. మధ్యల బ్యాంకు స్టేట్‌మెంట్. కాలనీ సంఘం లెక్కలు ఎక్సెల్‌ల ఆయనే రాస్తరు. మెయింటెనెన్స్ బాకీ ఉన్నోళ్ల పేర్లు ఎర్ర రంగుల ఉంటయి (నాది కూడ). ప్లాటు ఈసీ, ఎల్‌ఆర్‌ఎస్ కాయితాలు పీడీఎఫ్‌లల్ల దాచుకున్నరు. 2025 ఏప్రిల్‌ల ధరణి పోర్టల్ పోయి భూభారతి వచ్చినప్పటి నుంచి ఊర్లె పొలం రికార్డు సక్కగ ఉన్నదా లేదా అని దాంట్ల చూసుకునుడు ఒక అలవాటైంది. రాత్రి నీతోని వీడియో కాల్. ఇందుల ఐ7కు పనేమున్నది చెప్పు?

అసలు రోగమేందో చూద్దామని టాస్క్ మేనేజర్ తెరిచిన. ప్రాసెసర్ 20 శాతం కూడ దాటుతలేదు. డిస్కు మాత్రం 100 కాడనే అతుక్కొని ఉన్నది. పాత తిరిగే హార్డ్ డిస్కు, దానికి తోడు 4 జీబీ ర్యామ్. తప్పు డిస్కుది, తిట్లు ప్రాసెసర్‌కు. ఎస్‌ఎస్‌డీ వేయిస్తే ఇంకొన్నేండ్లు నడుస్తుండె. కాని ఆ ప్రాసెసర్ ఐదో తరం ఐ3. విండోస్ 11కు ఇంటెల్‌ల ఎనిమిదో తరమన్న ఉండాలె. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తోనే అయిపోయింది. బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టే మిషన్‌ను అట్ల వదిలిపెట్టొద్దు. కొత్తది తీసుకునుడే నయం.

ఏది తీసుకోవాలె? ఇంటెల్‌ల ఐ3-1215యూ గాని 1315యూ గాని చాలు. రెండు పెద్ద కోర్లు, నాలుగు చిన్నవి. పేపరు, ప్రవచనం, ఎక్సెల్ అన్నీ ఒక్కసారి తెరిచిపెట్టినా ఇబ్బంది పడదు. చివర ‘యూ’ ఉన్నదా లేదా చూడు, అవి 15 వాట్ల లెక్కన చేసినవి. ‘హెచ్’ ఉంటే ఆటలకు, వీడియో ఎడిటింగ్‌కు. ఫ్యాను మోత, ఒళ్లె పెట్టుకుంటే వేడి, బ్యాటరీ తొందరగ ఖాళీ. మీ నాయిన ప్రవచనం వినాల్నా, ఫ్యాను చప్పుడు వినాల్నా?

ఏఎండీల ఒక మతలబు ఉన్నది. రైజెన్ 5 7520యూ, 7530యూ పేర్లు కవల పిల్లల లెక్క ఉంటయి. 7000 సిరీస్‌ల మూడో అంకె చూడాలె, లోపలి డిజైన్ ఎప్పటిదో అదే చెప్తది. అక్కడ 2 ఉంటే జెన్ 2, అంటే 2019 నాటి సరుకు, నాలుగే కోర్లు. 3 ఉంటే జెన్ 3, ఆరు కోర్లు. షాపుల వాడు రెండింటినీ "రైజెన్ 5, సెవెన్ సిరీస్ సార్" అనే అమ్ముతడు. 7520యూ మీ నాయిన పనికి పనికిరాదని కాదు, కాని దానికి ర్యామ్ బోర్డుకే అతికించి వస్తది. తర్వాత పెంచుదామంటే కుదరదు. 8 జీబీకి తక్కువ అసలే వద్దు. ఒక స్లాటు ఖాళీగ ఉన్నది దొరికితే ఇంక మంచిది.

ఇంటెల్‌దే ఎన్100 అని ఇంకోటి, 2023ల వచ్చింది, 6 వాట్లే. చల్లగ ఉంటది, యూట్యూబ్ బాగనే ఆడిస్తది. పైసలు తక్కువుంటే దానికి కూడ నేను సరేనంట. రెండు కోర్ల సెలెరాన్‌ను మాత్రం ఊకనే ఇచ్చినా తీసుకోకు.

అమెరికా నుంచి తెచ్చుడు గురించి. కస్టమ్స్‌ల ఒక లాప్‌టాప్‌కు సుంకం లేదు, నిజమే. వైరు మార్చుకుంటే మన 230 వోల్టులకు అడాప్టర్ కూడ పనిచేస్తది. కాని అక్కడి వారంటీ ఇక్కడ నడుస్తదని నమ్మకం లేదు. రిపేరొస్తే సర్వీస్ సెంటర్ల చుట్టు తిరిగేది ఆయనే.

మిగిలిన పైసలు స్క్రీన్ మీద పెట్టు. 15.6 అంగుళాలు, ఫుల్ హెచ్‌డీ, ఐపీఎస్. చౌక వాటిల్ల ఇప్పటికీ 1366×768 అంటగడుతున్నరు. ఆ తెర మీద ఈ-పేపర్ చదివితే ఆయన కండ్లు పోతయి. మీ నాయినకు ప్రాసెసర్ కన్న తెర ముఖ్యం.

2025 చివర నుంచి ర్యామ్ ధరలు ఎక్కుతనే ఉన్నయి, అందుకని నాన్చకు. నువ్వు సరేనంటే ఆయనను ప్యారడైజ్ దగ్గరి సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు నేనే తీస్కపోత. కీబోర్డు కొట్టి, తెర మీద పేపర్ చదివి ఆయన బాగున్నదంటేనే బిల్లు కడ్త. అమెరికాల ఆర్డర్ మాత్రం పెట్టకు.

నీ దోస్తు